ఏ కోర్సు నేర్చుకుంటే జాబ్ వస్తుంది? 85 వేలు కట్టే ముందు మా తమ్ముడికి నేను చెప్పింది

ఆ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం మా బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు. 2025లో సీఎస్‌ఈ పాసయ్యాడు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాలేదు. "అన్నయ్యా, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ చూశాను. ఫుల్ స్టాక్ విత్ జెన్ ఏఐ అంట. ఫీజు 85 వేలు. ఈ రోజే కడితే 70 వేలకే ఇస్తారంట. చేరమంటావా?"

"ఈ రోజే కడితే" అనే మాట వినగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. 2019 జులైలో నాకూ సరిగ్గా ఇదే మాట చెప్పారు. నేను ఆ రోజే కట్టేశాను.

ఏ ఫోన్ కొనాలి, ఏ ల్యాప్‌టాప్ కొనాలి అని మనం ఇక్కడ రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. తప్పు ఫోన్ కొంటే పోయేదేముంది, ఒక ఏడాది సర్దుకుంటాం, లేదంటే సెకండ్ హ్యాండ్‌లో అమ్మేస్తాం. కోర్సుకి ఆ సౌకర్యం లేదు. ఫీజు తిరిగి రాదు, దాంతో పాటు ఫ్రెషర్‌గా ఉండే టైమ్ కూడా కరిగిపోతుంది. అందుకే వాడికి ఫోన్‌లో గంటన్నర చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. నేనేమీ కెరీర్ గురువుని కాదు. బీటెక్ ఈసీఈ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో జావా బ్యాకెండ్ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను, అంతే.

రెడ్‌మీ నోట్ 3 దగ్గర మొదలైంది

సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు నా చేతిలో రెడ్‌మీ నోట్ 3 ఉండేది, స్నాప్‌డ్రాగన్ 650 ఉన్నది. బూట్‌లోడర్ అన్‌లాక్ పర్మిషన్ కోసం రోజుల తరబడి ఎదురుచూసి, కస్టమ్ రామ్ ఫ్లాష్ చేశాను. మొదటిసారే బూట్‌లూప్. హాస్టల్‌లో రాత్రంతా కూర్చుని, ఫ్రెండ్ ఫోన్‌లో గైడ్‌లు చదివి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ బతికించాను. ఆ రోజే ఫిక్సయ్యాను, ఆండ్రాయిడ్ డెవలపర్ అవ్వాలని. ఈ సైట్ చదివే వాళ్లలో సగం మందికి ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది.

2019లో పాసయ్యాక అమీర్‌పేటకి వచ్చాను. మెట్రో దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే చేతిలో పాంప్లెట్లు పెడుతూనే ఉంటారు. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఏ బ్లాక్ మెట్లెక్కినా డెమో క్లాసులే. ఒక చోట కౌన్సెలర్ మేడమ్‌ని ఆండ్రాయిడ్ కోర్సు గురించి అడిగాను. "ఆండ్రాయిడ్ అయిపోయింది బాబూ, ఇప్పుడంతా డేటా సైన్స్" అన్నారు. పక్కన గోడ మీద జీతాల పోస్టర్. నాన్న చీటీ పాడి ఇచ్చిన 40 వేలు జేబులో ఉన్నాయి. అందులో 35 వేలు ఆ సాయంత్రమే వెళ్లిపోయాయి.

కోర్సు చెడ్డదని అనను. సార్ బాగానే చెప్పారు. పైథాన్, పాండాస్, రెండు వారాలు ఎస్‌క్యూఎల్, ఆ తర్వాత మెషీన్ లెర్నింగ్ అల్గారిథమ్‌లు. టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో చెప్పే మోడల్ క్లాసులో అందరం చేశాం, అందరం అదే రెజ్యూమేలో పెట్టుకున్నాం. నాలుగు నెలలు అయ్యాక నౌకరీ ఓపెన్ చేసి డేటా సైంటిస్ట్ అని వెతికాను. ఎమ్‌టెక్ కావాలి, లేదా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కావాలి, అదీ కాకపోతే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కావాలి. ఈసీఈ ఫ్రెషర్‌ని పిలిచేది ఒక్కటీ కనబడలేదు. ఈ వెతుకులాట ఫీజు కట్టే ముందు చేసి ఉంటే పది నిమిషాల పని. నేను నాలుగు నెలల తర్వాత చేశాను.

"ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అంటే ఏంటో కూడా అప్పుడే తెలిసింది. ఒక వాట్సాప్ గ్రూప్. అందులో రోజూ నాలుగు వాక్-ఇన్ మెసేజ్‌లు, అవే మెసేజ్‌లు ఇంకో పది గ్రూపుల్లోనూ తిరుగుతుంటాయి.

"మూడేళ్లు పెట్టేద్దాం రా"

ఎస్‌ఆర్ నగర్ హాస్టల్‌లో నా రూమ్మేట్ ఒక దారి కనిపెట్టాడు. ఒక కన్సల్టెన్సీ లక్షన్నర తీసుకుని మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ ఇస్తుంది. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ వాళ్లే చూసుకుంటారు. "అందరూ పెడుతున్నారు, మూడేళ్లు పెట్టేద్దాం రా" అన్నాడు. నిజం చెప్పాలంటే నేను వద్దన్నది నీతి కోసం కాదు, ఇంట్లో లక్షన్నర అడిగే ధైర్యం లేక.

వాడికి జాబ్ వచ్చింది, నా కంటే నాలుగు రెట్లు జీతంతో. రెండు నెలలు తిరక్కుండానే తీసేశారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటే పాత ఆఫీసుకి ఫోన్ చేసి అడగడమే అనుకుంటారు చాలామంది. అంత సింపుల్ కాదు. మీ యూఏఎన్ నంబర్ కింద ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీ ఉంటుంది. ఏ కంపెనీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మీ పీఎఫ్ కట్టిందో అందులో కనబడుతుంది. ట్యాక్స్ కట్ చేసి ఉంటే ఫామ్ 26ఏఎస్‌లో ఎవరు కట్ చేశారో ఉంటుంది. కొన్ని కన్సల్టెన్సీలు దొంగ కంపెనీ పెట్టి పీఎఫ్ కూడా నిజంగానే కడతాయి. కానీ అలాంటి కంపెనీల పేర్లతో వెరిఫికేషన్ ఏజెన్సీల దగ్గర లిస్టు ఉంటుంది. మావాడి "కంపెనీ" ఆ లిస్టులో ఉంది.

లక్షన్నర పోయింది, అది ఒక దెబ్బ. అసలు దెబ్బ ఏంటంటే, ఆ దొంగ మూడేళ్లు వాడి పీఎఫ్ రికార్డులో అలాగే ఉండిపోయాయి. తర్వాత నిజం చెప్పి ఫ్రెషర్‌గా అప్లై చేసినా "ఇదేంటి" అని అడుగుతారు. ఏడాదిన్నర పట్టింది తేరుకోవడానికి. ఇప్పుడు టెస్టింగ్‌లో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. ఈ విషయం రాస్తానంటే "నా పేరు మాత్రం వద్దు" అన్నాడు.

రెండు వారాల ఎస్‌క్యూఎల్ పెట్టిన అన్నం

నాకు 2020 ఫిబ్రవరిలో మాదాపూర్‌లో ఇరవై మంది ఉండే చిన్న కంపెనీలో జాబ్ వచ్చింది. మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. జీతం 12 వేలు. పోస్టు పేరు సపోర్ట్. ఇంటర్వ్యూలో మెషీన్ లెర్నింగ్ గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఒక పేపర్ మీద రెండు టేబుల్స్ గీశారు, కస్టమర్లు ఒకటి, బిల్లులు ఒకటి. "ఈ నెలలో ఒక్క బిల్లు కూడా లేని కస్టమర్ల లిస్టు ఇవ్వు" అన్నారు. లెఫ్ట్ జాయిన్ పెట్టి, బిల్లు నల్ ఉన్నవాళ్లని తీయాలి. రాశాను. 35 వేల కోర్సులో నాకు అన్నం పెట్టింది అందరం బోర్ అనుకున్న ఆ రెండు వారాల ఎస్‌క్యూఎల్.

చేరిన నెలకే లాక్‌డౌన్. మూడు నెలలు సగం జీతం. ఊళ్లో డాబా మీద కూర్చుని, జియో హాట్‌స్పాట్‌తో పనిచేసేవాణ్ని. అప్పుడే ఒక కంప్లైంట్ వచ్చింది, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

రెండు షాపుల్లో అప్పుడప్పుడు ఒకే బిల్లు రెండుసార్లు పడుతోంది. స్టాక్ లెక్క తేడా వస్తోంది. మా ఆఫీసులో అందరూ "కౌంటర్‌లో కుర్రాడు బటన్ రెండుసార్లు నొక్కుతున్నాడు" అని తేల్చేశారు. నేను డేటాబేస్‌లో డూప్లికేట్ బిల్లులన్నీ తీసి, టైమ్ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రతి జతకీ మధ్య తేడా 30 సెకన్లు. మనిషి వేలు కరెక్టుగా 30 సెకన్లు ఆగి రెండోసారి నొక్కదు కదా! కోడ్‌లో వెతికితే 30 సెకన్ల టైమ్ అవుట్ దొరికింది. సర్వర్ నుంచి జవాబు రాకపోతే యాప్ అదే రిక్వెస్ట్‌ని మళ్లీ పంపుతోంది. ఆ రెండు షాపులూ మొబైల్ హాట్‌స్పాట్ మీద నడుస్తున్నాయి. మొదటి రిక్వెస్ట్ సర్వర్‌కి చేరి బిల్లు సేవ్ అయిపోయింది, కానీ "సేవ్ అయింది" అనే జవాబు దారిలో పోయింది. యాప్ మళ్లీ పంపింది, సర్వర్ మళ్లీ సేవ్ చేసింది.

పరిష్కారం చిన్నదే. ప్రతి బిల్లుకి యాప్ వైపే ఒక ప్రత్యేకమైన నంబర్ ఇవ్వాలి, మళ్లీ పంపినా అదే నంబర్ వెళ్లాలి, డేటాబేస్‌లో ఆ నంబర్ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఉండాలి. రెండోసారి వస్తే డేటాబేసే తిప్పి కొడుతుంది. యాప్ కోడ్ సీనియర్ మార్చారు, కన్‌స్ట్రెయింట్ నేను పెట్టాను. నెట్ సరిగా లేనప్పుడు పేమెంట్ రెండుసార్లు కట్ అవ్వకుండా చూసే సిస్టమ్‌ల వెనుక ఉన్నది కూడా ఇదే ఆలోచన.

ఆ సాఫ్ట్‌వేర్ డాట్ నెట్‌లో ఉండేది. ఏడాదిన్నర తర్వాత, 2021లో, నేను జావా జాబ్‌కి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఓ పది నిమిషాలు జావా అడిగారు. తర్వాత "మీరు సొంతంగా సాల్వ్ చేసిన ఒక ప్రాబ్లమ్ చెప్పండి" అన్నారు. ఈ బిల్లు కథ చెప్పాను. మిగతా ఇంటర్వ్యూ అంతా దాని మీదే నడిచింది. రెండు సర్వర్లు ఉంటే ఏం చేస్తావు, రిటై ఎన్నిసార్లు పెడతావు, లాగ్‌లో ఏం రాస్తావు. డాట్ నెట్‌లో చేసిన పని జావా జాబ్ తెచ్చిపెట్టింది.

అసలు "ఏ టెక్నాలజీ" అనే ప్రశ్న అడిగేది ఎవరు?

తమ్ముడికి ఇది అర్థం చేయించడానికే ఎక్కువ టైమ్ పట్టింది. ఫ్రెషర్లు లోపలికి వెళ్లే గేట్లు మూడున్నాయి, మూడింటి దగ్గరా వాచ్‌మన్ అడిగేది ఒకటి కాదు.

టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో లాంటి పెద్ద సర్వీస్ కంపెనీల మాస్ హైరింగ్ ఒక గేటు. అక్కడ ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, ఒకటి రెండు కోడింగ్ ప్రశ్నలు. సీ అయినా, జావా అయినా, పైథాన్ అయినా వాళ్లకి ఒకటే. లోపలికి వెళ్లాక వాళ్లే ట్రైనింగ్ ఇచ్చి, ఏ ప్రాజెక్టులో ఖాళీ ఉంటే అందులో వేస్తారు. రియాక్ట్ నేర్చుకుని వెళ్లినవాడు మెయిన్‌ఫ్రేమ్ సపోర్ట్‌లో తేలడం నేను చూశాను. ఈ గేటు కోసం 85 వేల ఫుల్ స్టాక్ కోర్సు ఎందుకు? టైమ్ అండ్ వర్క్ లెక్కలు, పర్సెంటేజీలు, రోజుకో ప్రోగ్రామ్, ఇవి చాలు. కాకపోతే ఇక్కడ బ్యాచ్ ఇయర్, పర్సెంటేజీ, బ్యాక్‌లాగ్‌లు చూస్తారు. ఏడాది గడిస్తే "ఫలానా బ్యాచ్ మాత్రమే" అనే లైన్ మిమ్మల్ని బయట నిలబెడుతుంది. అందుకే టైమ్ పోతుందని మొదట్లోనే అన్నాను.

ఇంకో గేటు ప్రొడక్ట్ కంపెనీలు, విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న జీసీసీ ఆఫీసులు. రాయదుర్గం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఇవే ఎక్కువ. వీళ్లు కూడా టెక్నాలజీ పేరు పెద్దగా అడగరు. డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్, మీరు ఆలోచించే పద్ధతి చూస్తారు. దీనికి కనీసం ఆరు నెలలు రోజూ ప్రాబ్లమ్స్ చేయాలి, షార్ట్‌కట్ లేదు.

మూడోది నేను వెళ్లిన గేటు, చిన్న కంపెనీలు. వాళ్లకి ట్రైనింగ్ ఇచ్చే తీరిక లేదు, డబ్బూ లేదు. సోమవారం చేరితే బుధవారానికి పని కావాలి. "నీకు స్ప్రింగ్ బూట్ వచ్చా, రియాక్ట్ వచ్చా" అని మొదటి రోజే అడిగేది వీళ్లు. అంటే మనం రాత్రింబవళ్లు బుర్ర బద్దలు కొట్టుకునే "ఏ టెక్నాలజీ" ప్రశ్నకి నిజంగా విలువ ఉన్నది ఈ ఒక్క గేటు దగ్గరే. ఈ మాట ఏ డెమో క్లాసులోనూ చెప్పరు. చెబితే కోర్సు అమ్ముడుపోదు.

మొదటి గేటు ఈ మధ్య బాగా ఇరుకైంది, అది కూడా చెప్పాలి. 2021, 2022లో కాలేజీలకి వచ్చి బస్సుల్లో ఎక్కించుకున్నట్టు తీసుకున్నారు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింట్లో కలిపి ఉద్యోగుల సంఖ్య 60 వేలకు పైగా తగ్గింది. 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం, అంటే 12 వేల మంది వరకు తగ్గిస్తామని ప్రకటించింది. ఫ్రెషర్లని తీసుకోవడం ఆగలేదు, కానీ అన్నయ్యల బ్యాచ్ చూసి మనకీ అలాగే వస్తుందనుకుంటే దెబ్బతింటాం.

లూమియా గుర్తుందా?

టెక్నాలజీ పేరు మీద జీవితం మొత్తం పందెం కాయొద్దు అనడానికి మన గ్యాడ్జెట్ వాళ్లకి వేరే ఉదాహరణ అక్కర్లేదు. లూమియా ఫోన్లు ఎంత బాగుండేవి! ఆ కెమెరా, ఆ టైల్స్. విండోస్ ఫోన్ యాప్ డెవలప్‌మెంట్ నేర్చుకున్న సీనియర్లు మా కాలేజీలోనే ఉన్నారు. 2020 జనవరిలో విండోస్ 10 మొబైల్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. 2020 చివర్లో అడోబ్ ఫ్లాష్ పోయింది. 2021 చివరికి గూగుల్ పాత ఆంగ్యులర్ జేఎస్‌ని వదిలేసింది. 2024 మే నెలలో జమారిన్ వంతు వచ్చింది. ఆండ్రాయిడ్‌లోనే చూడండి, 2019లో గూగుల్ కోట్లిన్‌కే మొదటి ప్రాధాన్యం అంది, 2021లో జెట్‌ప్యాక్ కంపోజ్ వచ్చి స్క్రీన్లు రాసే పద్ధతే మారిపోయింది.

ఇంకోవైపు ఎస్‌క్యూఎల్ పుట్టింది 1970ల్లో, ఐబీఎమ్‌లో. జావా 1995. గిట్ 2005. ఇవి పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండవు, కానీ ఏ ఆఫీసుకి వెళ్లినా ఎదురవుతాయి. ఒక రిక్వెస్ట్ ఫోన్ నుంచి సర్వర్‌కి ఎలా వెళ్తుంది, డేటా ఎక్కడ ఉంటుంది, ఎర్రర్ వస్తే లాగ్ ఎలా చదవాలి... ఇవి తెలిసినవాడు జావా నుంచి పైథాన్‌కి రెండు మూడు నెలల్లో మారగలడు. నా టీమ్‌లో మారారు కూడా.

నేను జావా ఎలా పట్టుకున్నాను

లాక్‌డౌన్‌లో రెండోసారి టెక్నాలజీ ఎంచుకున్నప్పుడు కౌన్సెలర్‌ని అడగలేదు. ఒక నోట్‌బుక్ తీసుకున్నాను. నౌకరీ, లింక్‌డిన్‌లో హైదరాబాద్, రెండేళ్లలోపు ఎక్స్‌పీరియన్స్ అని ఫిల్టర్ పెట్టి, నాలుగు సాయంత్రాలు కూర్చుని, ఒక్కో యాడ్ మొత్తం చదివాను. ఏ పేరు కనబడితే దాని పక్కన ఒక గీత. ఫీజు అడిగేవి, కంపెనీ పేరే లేనివి, జీమెయిల్ ఐడీతో హెచ్‌ఆర్ ఉన్నవి పక్కన పెట్టేశాను.

గీతలు లెక్కపెడితే ఎస్‌క్యూఎల్ దాదాపు ప్రతి యాడ్‌లో ఉంది. నేను అప్లై చేయగలిగిన వాటిలో జావా, స్ప్రింగ్ బూట్ జత ఎక్కువసార్లు వచ్చింది. ఆండ్రాయిడ్ ఉంది, కానీ ఎక్కువగా మూడేళ్లు పైన ఉన్నవాళ్లకి. ఆ రోజు కాస్త బాధేసింది, దాచుకోను. ఇప్పటికీ శని, ఆదివారాల్లో కోట్లిన్‌తో చిన్న యాప్‌లు చేసుకుంటూ ఉంటాను. ఇష్టం ఇష్టమే, అద్దె అద్దే.

ఇది నా గీతల లెక్క, అప్పటి లెక్క. మీరు బెంగళూరులోనో, విశాఖలోనో వెతుకుతుంటే గీతలు వేరేగా పడొచ్చు. మీరే వేసుకోండి. ఒక్క జాగ్రత్త: ఫ్రెషర్ యాడ్‌లో జావా, రియాక్ట్, ఏడబ్ల్యూఎస్, డాకర్, కుబర్నెటీస్ అన్నీ ఉంటే భయపడి వదిలేయకండి. చాలాసార్లు పాత యాడ్‌ని హెచ్‌ఆర్ కాపీ పేస్ట్ చేసి ఉంటారు. అన్ని యాడ్స్‌లో మళ్లీ మళ్లీ వచ్చేవే అసలైనవి.

మరి ఏఐ అంతా తినేస్తుంది కదా?

తమ్ముడు కూడా ఇదే అడిగాడు. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చింది. ఇప్పుడు మా టీమ్‌లో అందరం ఏదో ఒక ఏఐ టూల్ వాడుతున్నాం. అంతకుముందు కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే చిన్న చిన్న పనులు, ఒక ఫామ్ కట్టడం, ఒక టెస్ట్ కేస్ రాయడం, అవి ఇప్పుడు టూల్ నిమిషాల్లో ఇచ్చేస్తోంది. అది నిజం, ఫ్రెషర్లకి కష్టమైన నిజం.

కానీ ఆ కోడ్ సరైనదో కాదో చెప్పాల్సింది మనిషే. మా ఆఫీసులో ఇంటర్వ్యూలకి ఇప్పుడప్పుడు నేనూ కూర్చుంటున్నాను. గిట్‌హబ్‌లో అందమైన ప్రాజెక్టులు పెట్టి వస్తున్నారు. "ఈ ఫైల్‌లో ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగితే మౌనం. ఆన్‌లైన్ రౌండ్‌లో కళ్లు పక్క స్క్రీన్ మీదకి వెళ్లడం మాకు కనబడుతుంది, నిజంగా కనబడుతుంది. అందుకే మా దగ్గర మళ్లీ ఆఫీసుకి పిలిచి తెల్ల కాగితం ఇస్తున్నాం. టూల్ వాడండి, వాడకపోతే వెనకబడతారు. కాకపోతే నేర్చుకునే మొదటి ఆరు నెలలు ముందు మీరు రాయండి, తర్వాత దానికి చూపించి తప్పులు అడగండి. వరుస తిరగబడితే ఇంటర్వ్యూ రోజు తెలిసిపోతుంది.

కోర్సు పేరు చివర "విత్ జెన్ ఏఐ" అని తగిలిస్తే ఫీజు పెరుగుతోంది, నాకు కనబడిన తేడా అదొక్కటే. 2019లో ఆ స్థానంలో డేటా సైన్స్ ఉండేది.

85 వేలతో ఏం చేశాడు

కోర్సులే వద్దని నేననలేదు. ఒక్కడే కూర్చుని చదవలేని వాళ్లకి క్లాస్, పక్కన నలుగురు, రోజూ వెళ్లాల్సిన టైమ్, ఇవి పనికొస్తాయి. అమీర్‌పేటలో ఇప్పటికీ తక్కువ ఫీజుకి ఒక్క సబ్జెక్ట్ అద్భుతంగా చెప్పే సార్లు ఉన్నారు. వాడికి చెప్పిందల్లా, జావాకి ఒకటి, ఎస్‌క్యూఎల్‌కి ఒకటి విడివిడిగా చేరు, ఫుల్ స్టాక్ ప్యాకేజీ వద్దు, ఉదయం పూట ఆప్టిట్యూడ్ వదలకు.

వాడి అసలు సమస్య ల్యాప్‌టాప్. ఫస్ట్ ఇయర్‌లో కొన్నది, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఐడీఈ ఓపెన్ అయ్యేలోపు టీ తాగి రావొచ్చు. డబ్బు ఎక్కువ ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ అన్నాను. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండి తీరాలి, ప్రాసెసర్ రెండు మూడు జనరేషన్లు పాతదైనా పర్వాలేదు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. వాడు రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్ తీసుకున్నాడు. బరువుగా ఉంది, కీబోర్డ్ మాత్రం కొత్త ల్యాప్‌టాప్‌ల కంటే బాగుంది.

ప్రాజెక్టుగా ఈ-కామర్స్ వెబ్‌సైట్ చేస్తానన్నాడు. వద్దన్నాను, టైటానిక్ లాగే అందరి దగ్గరా అదే ఉంటుంది. బాబాయ్‌కి ఊళ్లో ఎరువుల కొట్టు ఉంది. రైతులు పంట చేతికొచ్చే దాకా అరువు మీద తీసుకెళ్తారు, లెక్కంతా ఎర్ర పుస్తకాల్లో. "ఆ అరువు ఖాతా చెయ్యి, బాబాయే నీ క్లయింట్" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. అయినా మొదలుపెట్టాడు.

నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. "అన్నయ్యా, నాన్న పుస్తకంలో ఒకే రైతు పేరు మూడు రకాలుగా రాశాడు. ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట ఊరిపేరుతో, ఒకచోట ఉత్త అబ్బాయి గారు అని. ఫోన్ నంబర్ పెడదామంటే ఇద్దరు అన్నదమ్ములకి ఒకటే నంబర్. ముగ్గురూ ఒకరే అని డేటాబేస్‌కి ఎలా చెప్పాలి?"

వెంటనే ఫోన్ చేశాను. ఒంటిగంట దాకా మాట్లాడుకున్నాం. ఇంకా తేలలేదు, ఈ ఆదివారం మళ్లీ కూర్చుంటాం.